హాస్కెల్‌లో పేరుకు మొదటి అక్షరం

హాస్కెల్ భాషలో రాసిన ప్రోగ్రాములో ఒక పేరు కంటపడగానే, దాని నిర్వచనం ఎక్కడుందో వెతక్కుండానే, అది ఏ కోవకు చెందిన పేరో చెప్పవచ్చు. చిన్నక్షరంతో, అంటే స్మాల్ లెటర్‌తో మొదలైతే అది చలరాశి లేదా ఫంక్షన్. పెద్దక్షరంతో, అంటే క్యాపిటల్ లెటర్‌తో మొదలైతే అది డేటాను నిర్మించే కన్‌స్ట్రక్టర్ గానీ, టైపు గానీ, టైప్ క్లాస్ గానీ, మాడ్యూల్ గానీ అయి ఉంటుంది. జావా వంటి భాషల్లో క్లాసు పేరును పెద్దక్షరంతో మొదలుపెట్టడం ఒక మర్యాద. తప్పినా కంపైలర్ పట్టించుకోదు. హాస్కెల్‌లో అదే వ్యాకరణం. తప్పితే ప్రోగ్రాము ముందుకు కదలదు. 1990లో వెలువడిన మొదటి హాస్కెల్ నివేదిక నుంచి ఈ నియమం మూలరూపం మారలేదు. కానీ అది ఆ ఏడాది పుట్టింది కాదు. ఫంక్షనల్ భాషలు పేర్లతో పడిన ఇబ్బందులన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుని చివరికి ఆ రూపం తీసుకున్నాయి.

పేర్ల చిక్కు కంప్యూటర్ కంటే పాతది. 1930లలో ప్రిన్‌స్టన్‌లో అలోంజో చర్చ్ లాంబ్డా కాలిక్యులస్‌ను రూపొందించాడు. అందులో ఫంక్షన్ తీసుకునే విలువకు ఒక పేరు పెడతారు. ఆ పేరు ఏదైనా ఒకటే. ఫంక్షన్ పొడుగునా జాగ్రత్తగా మార్చుకుంటూ పోతే అర్థం చెక్కుచెదరదు. ఆ జాగ్రత్త లోపించిందా, బయటి నుంచి వచ్చిన ఒక పేరు లోపల అదే పేరున్న మరో చలరాశికి చిక్కి అర్థమే తారుమారవుతుంది. ఈ ప్రమాదాన్ని మొదలంటా తీసేయాలని చూసినవారు చర్చ్ కంటే ముందే ఉన్నారు. చలరాశులే లేకుండా తర్కాన్ని నడపవచ్చని మోజెస్ షోన్‌ఫింకెల్ 1924లో అచ్చయిన వ్యాసంలో చూపించాడు. ఆ దారినే హాస్కెల్ కర్రీ అనే అమెరికన్ గణితవేత్త కాంబినేటరీ లాజిక్‌గా విస్తరించాడు. 1972లో డచ్చి గణితవేత్త డి బ్రూయిన్ ఇంకో పద్ధతి చెప్పాడు: పేరుకు బదులు, ఆ విలువను పరిచయం చేసిన చోటు ఎన్ని మెట్లు బయట ఉందో తెలిపే అంకె వేస్తే చాలు. యంత్రానికి ఆ అంకెలు హాయి. మనిషికి మాత్రం నాలుగు వరుసలు దాటితే తలకెక్కవు. గణనకు పేరు అక్కర్లేదనీ, చదివే మనిషికే దానితో పని అనీ ఈ ప్రయత్నాలు తేల్చాయి. తర్వాతి భాషల నియమాలన్నీ ఆ మనిషికి ఎంత సంగతి చెప్పాలి, ఎలా చెప్పాలి అన్న ప్రశ్న చుట్టూనే తిరిగాయి.

తొలి ఫంక్షనల్ భాషగా చెప్పుకునే లిస్ప్ 1958లో ఎం.ఐ.టి.లో జాన్ మెకార్తీ చేతుల మీదుగా మొదలైంది. అది నడిచిన యంత్రం ఐ.బి.ఎం. 704. ఆ యంత్రంలో ఒక మాటకు, అంటే వర్డ్‌కు, 36 బిట్లు, ఒక అక్షరానికి 6 బిట్లు; మాటకు ఆరు అక్షరాలు పడతాయి. అదే యంత్రం మీద పుట్టిన ఫోర్ట్రాన్‌లో పేరు ఆరు అక్షరాలు దాటకూడదు. లిస్ప్ ఆ కట్టడిని తెంచుకుంది. లిస్ప్ 1.5 మాన్యువల్ ప్రకారం పేరులో 30 దాకా అక్షరాలూ అంకెలూ ఉండవచ్చు, మొదటిది మాత్రం అక్షరమే కావాలి. ఆ అక్షరాలన్నీ పెద్దవే కనుక అక్షరం సైజును బట్టి తేడా చూపే వీలు అప్పటికి లేదు. యంత్రం మాత్రం తన గుర్తు వదిలి వెళ్లింది. జాబితాలో మొదటి భాగాన్ని ఇచ్చే ఫంక్షన్‌కు కార్ అనీ, మిగతాదాన్ని ఇచ్చే ఫంక్షన్‌కు కుడర్ అనీ పేర్లు వచ్చాయి. 704 మాటలో అడ్రస్ భాగం, డిక్రిమెంట్ భాగం అని రెండు ముక్కలుండేవి. వాటిలో ఉన్నదాన్ని బయటికి తీసే పనుల పేర్లకు పొడి అక్షరాలవి. 704 మూలపడి దశాబ్దాలు గడిచినా లిస్ప్ కుటుంబంలో ఆ రెండు పేర్లూ చలామణిలోనే ఉన్నాయి.

లిస్ప్‌లో ప్రతి పనీ బ్రాకెట్‌లో ముందు ఫంక్షన్ పేరుతో మొదలవుతుంది, పదాల మధ్య ఖాళీ ఉంటుంది. అందువల్ల తీసివేత గుర్తును పేరు మధ్యలో వాడుకున్నా తికమక రాదు. రెండు మూడు పదాలను అడ్డగీతతో కలిపి పేరు చేయడం ఆ కుటుంబంలో స్థిరపడింది. అవునా కాదా చెప్పే ఫంక్షన్ల పేర్ల చివర పి అక్షరం తగిలించడం లిస్ప్ ఆచారం. 1975లో గై స్టీల్, జెరాల్డ్ సస్‌మన్ ఎం.ఐ.టి.లోనే తయారుచేసిన స్కీమ్ సంప్రదాయంలో ఆ పి స్థానంలోకి ప్రశ్నార్థకం వచ్చింది. ఉన్న విలువను మార్చేసే ఫంక్షన్‌కు ఆశ్చర్యార్థకం వచ్చింది. పేరును చూడగానే జాగ్రత్తపడమని చెప్పే ఇంత పొదుపైన పద్ధతి మరో భాషలో దొరకడం కష్టం. అయితే స్కీమ్ చేసిన అసలు మేలు వేరే ఉంది. పాత లిస్ప్‌లో ఒక పేరు దేన్ని సూచిస్తుందో ప్రోగ్రాము నడిచే వేళ, ఎవరు ఎవరిని పిలిచారన్న దాన్ని బట్టి తేలేది. స్కీమ్ ఆల్గాల్ భాష దారి పట్టి, పేరు రాసిన చోటును బట్టే దాని అర్థం నిర్ణయమయ్యేలా చేసింది. ఈ స్థిరత్వం లేకపోతే తర్వాతి నియమాలకు పునాదే ఉండేది కాదు.

1966లో పీటర్ లాండిన్ ఇస్విమ్ అనే ఊహాభాషను వర్ణించాడు. గణితవేత్తలు రాసే తీరుకు దగ్గరగా, ముందు సూత్రం రాసి, అందులోని పేర్ల వివరం ‘వేర్’ అన్న పదం తర్వాత చెప్పే పద్ధతి అందులో ఉంది. ఆ భాషను యథాతథంగా వాడినవారు తక్కువే గాని, ఆ తీరు ఎడిన్‌బరో, సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయాల్లోకి బలంగా పాకింది.

అసలు మలుపు ఎడిన్‌బరోలో వచ్చింది. అక్కడ రాబిన్ మిల్నర్ బృందం ఎల్.సి.ఎఫ్. అనే నిరూపణ వ్యవస్థ కోసం 1970లలో ఎంఎల్ భాషను తయారుచేసింది. అదే ఊళ్లో రాడ్ బర్‌స్టాల్, డేవిడ్ మెక్వీన్, డాన్ సనెల్లా 1980లో హోప్ అనే చిన్న భాషను ప్రకటించారు. హోప్ తెచ్చిన కొత్తదనం రెండు ముక్కల్లో చెప్పవచ్చు. వాడుకరి తన డేటా ఏయే ఆకారాల్లో ఉంటుందో పేర్లు పెట్టి ప్రకటిస్తాడు. ఫంక్షన్‌ను ఒక్కో ఆకారానికి ఒక్కో వాక్యంగా రాస్తాడు. ఖాళీ జాబితా వస్తే జవాబు ఇది, తలా తోకా ఉన్న జాబితా వస్తే జవాబు అది అన్నట్టు. దీన్నే ప్యాటర్న్ మ్యాచింగ్ అంటారు. ఫంక్షనల్ భాషలకు ఇంతటి అందం తెచ్చిన సాధనం మరొకటి లేదు. పేర్ల నియమాలకు అతి పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది కూడా ఇదే.

ప్యాటర్న్‌లో ఒక పేరు కనబడితే దానికి రెండు అర్థాలు సాధ్యం. అది కన్‌స్ట్రక్టర్ పేరైతే, వచ్చిన విలువ అదేనా అని పోల్చి చూడమని. చలరాశి అయితే, ఏ విలువ వచ్చినా తీసుకుని దానికి ఈ పేరు పెట్టమని. ఒకటి పరీక్ష, మరొకటి నామకరణం. ఎంఎల్‌కు ప్రామాణిక రూపమైన స్టాండర్డ్ ఎంఎల్‌లో ఈ రెంటినీ అక్షరాల రూపం వేరుచేయదు. ఆ పేరుతో కన్‌స్ట్రక్టర్ ఎక్కడైనా ప్రకటితమై ఉందా అన్నదాన్ని బట్టి తేలుతుంది. సిగ్నల్ దీపాలకు రెడ్, గ్రీన్, ఎల్లో అని మూడు కన్‌స్ట్రక్టర్లున్నాయనుకుంటే, ఒక ఫంక్షన్ మొదటి వాక్యంలో రెడ్ బదులు పొరపాటున ఒక అక్షరం తప్పు పడితే కంపైలర్ దాన్ని కొత్త చలరాశిగా స్వీకరిస్తుంది. అప్పుడు పచ్చ దీపానికైనా పసుపు దీపానికైనా ఆ మొదటి వాక్యమే వర్తిస్తుంది. కింది వాక్యాలు ఎప్పటికీ అమలు కావన్న హెచ్చరికైనా వస్తుంది. అదే తప్పు చివరి వాక్యంలో పడితే ఆ హెచ్చరిక కూడా ఉండదు, ప్రోగ్రాము నిశ్శబ్దంగా సాగిపోతుంది. దీనికి తిరగేసిన ప్రమాదమూ ఉంది. ఎక్కడో ఒక మాడ్యూల్‌లో ఎవరో మామూలు చిన్న పేరుతో కన్‌స్ట్రక్టర్ ప్రకటిస్తే, దాన్ని తెరిచి వాడుకునే ప్రోగ్రాములో అదే పేరున్న చలరాశి పరీక్షగా మారిపోతుంది. మార్పు ఒకచోట, తప్పు మరోచోట.

స్టాండర్డ్ ఎంఎల్ వాడుకరులు దీనికి సంప్రదాయంతో అడ్డుకట్ట వేసుకున్నారు. ప్రామాణిక లైబ్రరీలోనే సమ్, నన్ అనే కన్‌స్ట్రక్టర్లను పూర్తిగా పెద్దక్షరాలతో రాస్తారు. కానీ ఖాళీ జాబితాకు వాడే నిల్, ట్రూ, ఫాల్స్ చిన్నక్షరాలతోనే ఉన్నాయి. ఇంత కచ్చితంగా గణిత నిర్వచనం ఉన్న భాష, 1990లో మిల్నర్, మాడ్స్ టోఫ్టె, రాబర్ట్ హార్పర్ దాన్ని గ్రంథస్థం చేశాక కూడా, ఇంత సామాన్యమైన పొరపాటును మర్యాదకు వదిలేయడం లోపమేనని చెప్పక తప్పదు. టైపుల్లోనూ ఇటువంటి ఇబ్బందే వచ్చింది. ఏ టైపుకైనా సరిపోయే చలరాశిని ఇంట్ వంటి నిజమైన టైపు పేరు నుంచి ఎలా విడదీయాలి? తొలి ఎంఎల్‌లో నక్షత్రం గుర్తులు వాడారు: ఒక నక్షత్రం ఒక చలరాశి, రెండు నక్షత్రాలు మరొకటి. హోప్‌లో టైపు చలరాశులను ముందే ప్రకటించాలి. స్టాండర్డ్ ఎంఎల్‌లో అక్షరానికి ముందు ఒంటి కొటేషన్ గుర్తు పెట్టారు. కామ్ల్ వంశానికి చెందిన ఓకామ్ల్ ఆ గుర్తును నిలుపుకుంది. కన్‌స్ట్రక్టర్ల విషయంలో మాత్రం మొదటి అక్షరం పెద్దదే ఉండాలని విధించి ఎంఎల్ కుటుంబంలోని పాత చిక్కు తీర్చింది.

చిక్కుకు స్పష్టమైన విరుగుడు డేవిడ్ టర్నర్ పని నుంచి వచ్చింది. ఆయన 1972లో సెయింట్ ఆండ్రూస్‌లో సాసల్ అనే భాషను, తర్వాత కాంటర్‌బరీలోని కెంట్ విశ్వవిద్యాలయంలో కె.ఆర్.సి.ని, 1985లో మిరాండాను తీసుకొచ్చాడు. మిరాండాలో కన్‌స్ట్రక్టర్ పెద్దక్షరంతో, చలరాశి చిన్నక్షరంతో మొదలుకావాలి. అంతే, ప్యాటర్న్‌లోని సందిగ్ధత తొలగిపోయింది. అక్షరం తప్పు పడిన కన్‌స్ట్రక్టర్ ఇక చలరాశి కాలేదు. అలాంటి కన్‌స్ట్రక్టర్ లేదని కంపైలర్ వెంటనే చెబుతుంది. టైపు చలరాశులకు మాత్రం టర్నర్ పాత నక్షత్రాలనే ఉంచాడు. పక్క సంప్రదాయమైన ప్రోలాగ్‌లో ఇదే తేడాను తలకిందులుగా పాటిస్తారు: అక్కడ చలరాశికి పెద్దక్షరం, స్థిరమైన పేరుకు చిన్నక్షరం. స్వీడన్‌లో ఎరిక్సన్ సంస్థలో జో ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం ఎర్లాంగ్‌ను మొదట ప్రోలాగ్‌లోనే నిర్మించింది కనుక ఆ భాషకు ప్రోలాగ్ పద్ధతే సంక్రమించింది. హాస్కెల్ నుంచి ఎర్లాంగ్‌కు వెళ్లేవారికి మొదట తడబాటు తెచ్చేది ఇదే.

1987 సెప్టెంబరులో అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో ఫంక్షనల్ భాషల సదస్సుకు వచ్చిన పరిశోధకులు, తమలో తమకు డజనుకు పైగా భాషలున్నాయనీ, అందరికీ ఉమ్మడిగా ఒకటి ఉంటే మేలనీ నిశ్చయించారు. 1988 జనవరిలో యేల్‌లో జరిగిన సమావేశంలో భాషకే పేరు పెట్టే పని ముందుకొచ్చింది. బోర్డు మీద రాసిన పేర్లలోంచి ఒక్కొక్కటీ కొట్టేస్తూ చివరికి హాస్కెల్ కర్రీ పేరు దగ్గర ఆగారు. ఆయన అప్పటికి ఆరేళ్ల క్రితమే, 1982లో, మరణించాడు. పాల్ హుడాక్, డేవిడ్ వైజ్ ఆయన భార్య వర్జీనియా కర్రీ దగ్గరికి వెళ్లి అనుమతి అడిగారు. ఆమె ఆదరంగా ఒప్పుకుని, వాళ్లు సెలవు తీసుకుంటున్నప్పుడు ఆయనకు ఆ పేరంటే ఎప్పుడూ ఇష్టం లేదని చెప్పినట్టు భాష చరిత్రలో నమోదై ఉంది. చలరాశుల పేర్లే లేని తర్కాన్ని పెంచి పోషించిన మనిషి పేరు, పేర్ల నియమాలను ఇంత గట్టిగా పాటించే భాషకు స్థిరపడింది.

1990 ఏప్రిల్ 1న వచ్చిన నివేదిక మిరాండా సూత్రాన్ని స్వీకరించి ఇంకా ముందుకు తీసుకెళ్లింది. ఇప్పుడు హాస్కెల్‌లో పేర్లు ఆరు రకాలు: చలరాశులు, కన్‌స్ట్రక్టర్లు, టైపు చలరాశులు, టైపులు, టైప్ క్లాసులు, మాడ్యూళ్లు. మొదటిదానికీ మూడోదానికీ చిన్నక్షరం, మిగతా నాలుగింటికీ పెద్దక్షరం. టైపు పేర్లన్నీ పెద్దక్షరానికి వెళ్లిపోవడంతో నక్షత్రాలూ కొటేషన్ గుర్తులూ అక్కర్లేకపోయాయి. టైపులో ఒంటిగా ఎ అని చిన్నక్షరం రాస్తే అదే చలరాశి. హాస్కెల్ టైపులు కాగితం మీద గణితంలా తేటగా కనబడటానికి ఈ చిన్న నిర్ణయమే చాలావరకు కారణం. ఒకే పేరును టైపుకూ దాని కన్‌స్ట్రక్టర్‌కూ పెట్టుకోవచ్చు, ఎందుకంటే ఆ రెండూ ప్రోగ్రాములో కలిసే చోటు లేదు. టైపుకూ క్లాసుకూ మాత్రం ఒకే పరిధిలో ఒకే పేరు కూడదు.

అక్షరాల పేర్లకు పెట్టిన తేడా గుర్తులతో చేసిన పేర్లకూ కావాలి. కూడిక గుర్తుకు చిన్నా పెద్దా ఉండవు కదా. అందుకని కోలన్ గుర్తును పెద్దక్షరంగా లెక్కించారు: కోలన్‌తో మొదలయ్యే ఆపరేటర్ కన్‌స్ట్రక్టర్, మిగతావి మామూలు ఫంక్షన్లు. సంకీర్ణ సంఖ్యలను కట్టే :+ దీనికి చక్కని ఉదాహరణ. జాబితా తలను తోకకు కలిపే : కూడా అలాగే కన్‌స్ట్రక్టర్ అయింది, టైపును ప్రకటించడానికి :: వచ్చింది. ఎంఎల్‌లో ఈ రెండూ సరిగ్గా తారుమారుగా ఉంటాయి. అక్షరాలతో ఉన్న ఫంక్షన్‌ను రెండు విలువల మధ్య రాయాలంటే మిరాండాలో ముందు డాలర్ గుర్తు పెట్టేవారు. హాస్కెల్‌లో రెండు పక్కలా వెనక్కి వాలిన కొటేషన్ గుర్తులు పెడతారు. ఇలాంటి వాటి మీద హాస్కెల్‌ను రూపొందించిన కమిటీలో చర్చ ఎంత సాగేదంటే, భాషా రూపకల్పనలో అర్థం కంటే రాతకు, రాత కంటే అక్షరాల రూపానికి, దానికంటే వ్యాఖ్యల గుర్తులకు రెట్టింపుల చొప్పున ఎక్కువ కాలం ఖర్చవుతుందని సభ్యుడు ఫిలిప్ వాడ్లర్ ఒక సూత్రమే చెప్పాడు.

రిజర్వు పదాలను కమిటీ పొదుపుగా వాడింది. హాస్కెల్ 98లో అక్షరాలతో ఉన్నవి 21 మాత్రమే. హాస్కెల్ 2010లో ఫారిన్ ఒకటి చేరింది. దిగుమతి వాక్యంలో కనబడే యాజ్, క్వాలిఫైడ్, హైడింగ్ రిజర్వు పదాలు కావు. ఆ చోట వాటికి ప్రత్యేకార్థం, మిగతా చోట్ల వాటిని చలరాశులుగా నిక్షేపంగా వాడుకోవచ్చు.

రెండు మాడ్యూళ్లలో ఒకే పేరుంటే ఏం చేయాలన్నది మొదటి రూపాల్లో సరిగా తేలలేదు. దిగుమతి చేసుకునేటప్పుడే ఒక పేరును మరో పేరుగా మార్చుకునే సౌకర్యం ఇచ్చారు. దానివల్ల ఒకే ఫంక్షన్ ఒక్కో ఫైలులో ఒక్కో పేరుతో తిరిగేది. 1996లో వచ్చిన హాస్కెల్ 1.3 దాన్ని తీసేసి, మాడ్యూల్ పేరు, చుక్క, అసలు పేరు కలిపి రాసే పద్ధతి తెచ్చింది. ఇక్కడ ఒక ఇరకాటం ఉంది. రెండు ఫంక్షన్లను ఒకదాని తర్వాత ఒకటి కలిపే గుర్తు కూడా చుక్కే. ఖాళీ లేకుండా పెద్దక్షరపు పేరు తర్వాత చుక్క వస్తే అది మాడ్యూల్ పేరు, ఖాళీ ఉంటే కలయిక. అంటే చుక్క అర్థాన్ని కూడా దాని ముందున్న పేరులోని మొదటి అక్షరమే నిర్ణయిస్తుంది.

నియమాలు వదిలిన ఖాళీలో వాడుకరులు తమ ఆచారాలు పెంచుకున్నారు. పేరు చివర ప్రైమ్ గుర్తు పెట్టడం గణితం నుంచి వచ్చింది. హాస్కెల్‌లో అది మారిన రూపాన్ని, లైబ్రరీల్లో చాలాచోట్ల విలువను వాయిదా వేయకుండా వెంటనే లెక్కించే రూపాన్ని సూచిస్తుంది. జాబితా తలకు ఎక్స్, తోకకు ఎక్స్ పక్కన బహువచనపు ఎస్ చేర్చిన పేరు పెట్టడం పాఠ్యపుస్తకాల ద్వారా ఇంటింటా స్థిరపడింది. అండర్‌స్కోర్‌ను హాస్కెల్ 98 నివేదిక చిన్నక్షరంగా లెక్కించింది. ఒంటరిగా ఉంటే మాత్రం అది ఏ విలువకైనా సరిపోయే గుర్తు. దానితో మొదలయ్యే పేరును వాడకపోయినా హెచ్చరించవద్దని కంపైలర్లకు సూచించింది.

మొదటి అక్షరం మీద ఇంత బరువు మోపిన నియమం లాటిన్, గ్రీకు, సిరిలిక్ లిపులకు సరిపోయింది. యూనికోడ్‌లో తెలుగు 1991లో వచ్చిన మొదటి రూపం నుంచే ఉంది. హాస్కెల్ కూడా యూనికోడ్‌ను అంగీకరించింది. కానీ నివేదికలోని నిర్వచనం పేరు మొదటి అక్షరం యూనికోడ్ చిన్నక్షరమైనా కావాలి, పెద్దక్షరమైనా కావాలి అంటుంది. తెలుగు, దేవనాగరి, అరబ్బీ, చైనీస్ అక్షరాలకు ఆ భేదమే లేదు. కనుక అవి నివేదికలో ఏ తరగతిలోకీ రావు. ప్రధాన కంపైలరైన జి.హెచ్.సి. అలాంటి అక్షరాలను చిన్నక్షరాలుగా పరిగణించి దారి చూపింది. దాంతో ఫంక్షన్‌కూ చలరాశికీ ఈ లిపుల్లో పేరు పెట్టవచ్చు, కన్‌స్ట్రక్టర్‌కూ టైపుకూ వీలుపడదు. పెట్టాలంటే ముందు ఒక లాటిన్ పెద్దక్షరం తగిలించాలి.

తెలుగుకు ఇంకో అడ్డంకి గుణింతంలో ఉంది. యూనికోడ్ తెలుగు గుణింతపు గుర్తులను రెండు తెగలుగా విడదీసింది. దీర్ఘం, గుడి, ఎత్వం, పొల్లు వంటివి చోటు తీసుకోని గుర్తులు. కొమ్ము, కొమ్ముదీర్ఘం, సున్న చోటు తీసుకునే గుర్తులు. జి.హెచ్.సి.లో తర్వాత చేసిన సవరణ మొదటి తెగను పేరు మధ్యలో అనుమతించింది, రెండో తెగను అనుమతించలేదు. ఆ లెక్కన రాశి అన్న మాట పేరుగా చెల్లుతుంది. తెలుగు అన్న మాటలో రెండు కొమ్ములున్నాయి కనుక చెల్లదు. పేర్లకు యూనికోడ్ సంస్థే ఇచ్చిన సాధారణ సూచన రెండు తెగలనూ అనుమతిస్తుంది, పైథాన్ 3 దాన్నే అనుసరించింది. హాస్కెల్‌లోని పెద్దక్షరపు నియమానికి కారణం ఉంది. ఈ రెండో అడ్డంకికి ప్యాటర్న్ మ్యాచింగ్‌తో ఏ సంబంధమూ లేదు, తొలగించడానికి భాష మూలసూత్రాలను కదిలించనక్కర్లేదు.

ఆపరేటర్లతో టైపులను పిలిచే చోట కోలన్ నియమం కొంత సడలింది. జి.హెచ్.సి. మొదట టైపుల్లో కోలన్‌తో మొదలుకాని ఆపరేటర్‌ను చలరాశిగా చూసేది. 2012లో వచ్చిన 7.6 రూపం నుంచి టైపుల్లో ఆపరేటర్లన్నీ స్థిరమైన పేర్లే అయ్యాయి. కూడిక గుర్తుతో టైపును పిలవాలన్న కోరిక ముందు పాత పోలిక నిలవలేదు.

హాస్కెల్ వారసుల్లో ఈ వారసత్వం రెండు దారులు పట్టింది. సెయింట్ ఆండ్రూస్‌లో ఎడ్విన్ బ్రాడీ తయారుచేసిన ఇడ్రిస్, టైపులో చిన్నక్షరంతో మొదలయ్యే పేరును విడిగా ప్రకటించకపోయినా చలరాశిగా తీసుకుంటుంది. అంటే మొదటి అక్షరానికి అక్కడ కూడా పని మిగిలింది. గోథెన్‌బర్గ్‌లోని చామర్స్‌లో పుట్టి, 2007లో ఉల్ఫ్ నోరెల్ సిద్ధాంత గ్రంథంతో ఇప్పటి రూపానికి వచ్చిన అగ్డా మాత్రం ఆ భేదాన్ని పూర్తిగా వదిలేసింది. అందులో ఖాళీయే పేర్లను విడదీస్తుంది. బ్రాకెట్ల వంటి కొన్ని గుర్తులు తప్ప దాదాపు ఏ యూనికోడ్ అక్షరమైనా పేరులో ఎక్కడైనా ఉండవచ్చు. విలువలు కూర్చోవాల్సిన చోట అండర్‌స్కోర్ పెట్టి, మాటల మధ్య విలువలు ఇమిడే పేరును కూడా తయారుచేసుకోవచ్చు. ఖాళీ లేకుండా రాసిన కూడిక అగ్డాకు ఒకే పేరు. తెలుగులో కన్‌స్ట్రక్టర్‌కు పేరు పెట్టడానికి ఇక్కడ ఏ అక్షరమూ అరువు తెచ్చుకోనక్కర్లేదు. దానికి మూల్యంగా స్టాండర్డ్ ఎంఎల్ నాటి పొరపాటు తిరిగొచ్చింది: అక్షరం తప్పిన కన్‌స్ట్రక్టర్ ప్యాటర్న్‌లో మళ్లీ చలరాశి అవుతుంది. ఆ తేడాను చూపే పనిని అగ్డా ఎడిటర్‌కు అప్పగించింది. ప్రోగ్రామును తనిఖీ చేశాక ఈమాక్స్‌లో కన్‌స్ట్రక్టర్లు ఆకుపచ్చగా, ఫంక్షన్లూ టైపులూ నీలంగా, చలరాశులు నల్లగా కనబడతాయి.